ఆ పాటలో కావలివాడు

"మీ పాటలు రాసేవాళ్లకి సొంత కథలుండవా టీచరుగారూ? ఎప్పుడు చూసినా బైబిలు, లేకపోతే పురాణాలు!" అన్నాడు మొన్న రాజమండ్రిలో రికార్డింగుకి వెళ్తే స్టూడియో ఆయన. అని, నవ్వాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. సొంత కథ నాకు లేకేం? మొదట సొంత మాటల్లోనే రాశాను. పాడనిస్తే కదా!

మా తమ్ముడు రామచంద్రపురం దగ్గర ఒక రొయ్యల చెరువుకి కావలి ఉండేవాడు. ముసురు పట్టిన ఒక ఉదయం, చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ తీగ తెగి నీళ్లలో పడింది. తెలియక దిగాడు. కరెంటు కొట్టి అక్కడికక్కడే పోయాడు. ఆ చెరువు మా చర్చి సంఘపెద్దది. అతుకుల వైరుతో మోటార్లు నడుపుతున్న సంగతి బయటపడుతుందని ఆ పెద్దమనిషి పోలీసులతో ఏమన్నాడో తెలుసా?

"వాడు మా మనిషి కాదండి. రొయ్యలు పట్టుకుపోదామని దిగుంటాడు. నాకేం తెలుసండి?"

ఆదివారం ఆదివారం గుడిలో "సహోదరుడా" అని వాడికి చెయ్యి కలిపినవాడే ఈ మాటన్నాడు. రెండేళ్లు ఆయన చెరువు గట్టు మీద పడుకున్నవాడు చచ్చాక దొంగయ్యాడు. అక్కడి పనివాళ్లందరికీ నిజం తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు, వాళ్ల కూడు ఆయన చేతిలో ఉంది మరి. కొడుకు పోయినందుకు ఏడ్చిన మా అమ్మ, దొంగ అన్నందుకు బజారుకి వెళ్లడమే మానేసింది.

వాడు పోయాక మా ఇంటివాళ్ల ఓదార్పు కోసం గుడిలో పెట్టే ఆదరణ కూడికలో పాడటానికి నేనొక పాట రాశాను. చెరువు, తీగ, కావలి, అన్నీ ఉన్నదున్నట్టు పెట్టాను. పాస్టరుగారు చదివి, కాగితం మడిచి నా చేతిలోనే పెట్టేశారు.

"గుడిలో చెరువు గొడవలెందుకమ్మా? వాక్యంలోంచి ఏదన్నా రాయండి."

"అలాగేనండి అయ్యగారూ" అని పళ్లు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను. వాక్యంలోంచి కావాలా? తీసుకోండి! తమ్ముణ్ణి పొలంలో చంపేసి, వాడేడని దేవుడడిగితే, నాకేం తెలుసు, నేను వాడికి కావలివాడినా అని ఎదురడిగిన కయీను అక్కడే ఉన్నాడు. కావలి అన్న ఆ ఒక్క మాట కనపడ్డాక నా చెయ్యి ఆగలేదు. "ఏడీ, నీ తమ్ముడేడీ?" అని సంఘమంతా దేవుడి మాట పాడాలి. "నేనెరుగను, నేనేమి కావలివాడినా" అని ఒక్కరు కయీను మాట పాడాలి. పాస్టరుగారు చదివి మురిసిపోయారు.

మా స్కూలు తెలుగు మాస్టారు పెద్దాపురం జాతరకి పాటలు కడతారు. ఊళ్లో ఆడపిల్లని ఏడిపించినవాడి పేరెత్తితే ఆయన్ని స్టేజీ ఎక్కనివ్వరు. అదే మాట ద్రౌపది చేత అడిగిస్తే చప్పట్లు కొడతారు. ఇది తెలియక స్టూడియోలో కూర్చుని నవ్వుతాడా ఆయన!

మా గుడిలో సోలో ఎప్పుడూ సంఘపెద్దే పాడతాడు. గొంతు మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి. ఆదరణ కూడిక రోజు కూడా తెల్లబట్టలేసుకొచ్చి మైకు ముందు నిలబడ్డాడు. "ఏడీ, నీ తమ్ముడేడీ?" అని జనం ఎత్తుకున్నారు. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, "నేనేమి కావలివాడినా" అని రాగం తీశాడు. పాపమంతా కయీనుదే అనుకుంటున్నాడు! పాత కథతో వచ్చిన చిక్కే ఇది. ఎవరి మీద రాశామో వాడే తలూపుతూ పాడేస్తాడు.

రెండోసారి ఆయన రాగం ముగించి ఊపిరి పీల్చుకునేలోగా, ముందు చాప మీద కూర్చున్న మా అమ్మ లేచి నిలబడింది.

"మీరెందుకవుతారండి బాబూ? కావలివోడు మావోడండి. మీ చెరువుకే."

కీబోర్డు ఆగిపోయింది. పాస్టరుగారు నావైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. వెనక బెంచీల్లో ఆ చెరువు పనివాళ్లు కూర్చున్నారు, పోలీసుల ముందు నోరు మెదపనివాళ్లు. సాక్ష్యం చెప్పమంటే భయపడ్డారు గానీ, ఇది పాటే కదా. వాళ్లే ఎత్తుకున్నారు.

"ఏడీ, నీ తమ్ముడేడీ?"

సంఘపెద్ద కళ్లు తెరిచాడు. తన వంతు వచ్చింది. పాడలేదు.