మార్తాగారి గులాబీ గ్లాసు

నా కాన్వొకేషన్ చూడడానికి అమ్మ అమెరికాలో నేనుండే పిస్కాటవే ఊరికి వచ్చినప్పుడు, నేను అద్దెకుంటున్న ఇంటి ఓనర్ మార్తాగారు మమ్మల్ని లంచ్‌కి పిలిచారు. అమ్మకి నీళ్ళిచ్చిన గాజు గ్లాసు మీద వాళ్ళ లూథరన్ చర్చి పాత ముద్ర ఉంది. తెల్ల గులాబీ, దాని మధ్య ఎర్ర గుండె, అందులో నల్ల సిలువ.

"పోయిన మా ఆయన గ్లాసు ఇది. ఎవరికీ ఇవ్వను" అన్నారావిడ. అమ్మకి తెలుగులో చెప్పాను.

అమ్మ గ్లాసు పైకెత్తి, పెదవులకి తగలకుండా నోట్లో పోసుకుంది. మార్తాగారు కన్నార్పకుండా చూస్తున్నారు. సిలువ ఉందని అమ్మ పెదవి ఆనించట్లేదనుకుంటారేమోనని నాకు భయమేసింది.

"అమ్మా, నార్మల్‌గా తాగు, ప్లీజ్."

"ఆయన గ్లాసు కదే. ఎంగిలి చెయ్యడమెందుకు?"

ఆ మాట నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను. మార్తాగారు అదే గ్లాసు తీసుకుని, అమ్మలాగే పైకెత్తారు. సగం నీళ్ళు ఆవిడ బ్లౌజు మీద పడ్డాయి. అమ్మ నవ్వుతూ చీర కొంగుతో తుడిచింది.

అమ్మని చూసి సిగ్గుపడబోయింది నేనొక్కదాన్నే. మార్తాగారు ఇప్పటికీ ఆ గ్లాసులో అలాగే తాగుతారు, మెడ చుట్టూ టవల్ కట్టుకుని.