గుండీల డబ్బాలో మాత్రలు

తమ్ముడి హెచ్‌ఐవీ మాత్రలు అక్క గుండీల డబ్బాలో దాస్తుంది. ఆవిడ బడిపిల్లల చొక్కాలు కుడుతుంది కాబట్టి ఆ డబ్బా జోలికి ఎవరూ పోరు. తమ్ముడు గోడలకు రంగులు వేస్తాడు. జబ్బు సంగతి తెలిశాక భార్య వాణ్ణి వదిలేసి పోయింది. తాగుడు మాత్రం వదల్లేదు.

అక్కది ఒకటే పట్టు. వాడు తాగి వచ్చిన రోజు మాత్ర ఇవ్వదు. కడుపులో సారా, దాని మీద అంత పెద్ద మాత్ర, రెండూ కలిస్తే మనిషి దక్కడని భయం. అలాగని ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. తాగే రోజులే ఎక్కువాయె, డబ్బాలో మాత్రలు మిగిలిపోయేవి. తమ్ముడేమో బక్కచిక్కిపోతున్నాడు. ఆవిడకు ఎప్పుడో విసుగు పుట్టింది. వాడి మీద ఆశ వదులుకోవడానికి కూడా ఓపిక లేదు.

ఈసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంకో మాత్ర ఇచ్చింది. అక్క అట్ట తిప్పి చూసి నోరెళ్ళబెట్టింది.

"ఇది నా బీపీ మాత్రే కదమ్మా!"

"అదేనమ్మా. పాతదే. తాగాలనే యావ కూడా తగ్గిస్తుందేమోనని కొందరికి ఇచ్చి చూస్తున్నాం. ఖాయంగా చెప్పలేను."

"అందుకేనా అక్కా, నువ్వు తాగవు?" అన్నాడు తమ్ముడు. ఎవరికీ నవ్వు రాలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి మొహం చిట్లించింది. "హెచ్‌ఐవీ మాత్ర సరిగా వేసుకోవట్లేదే ఈయన?"

"తాగిన రోజు నేనే ఇవ్వనమ్మా," అంది అక్క, కాస్త గొప్పగానే.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "తాగినా సరే, అది వేసుకోవాల్సిందేనమ్మా! ఇలా మధ్యమధ్యలో ఆపితే ఆ మాత్ర పనిచేయడం మానేస్తుంది. అప్పుడు మనిషి దక్కడు."

ఇంటికి రాగానే అక్క డబ్బా తెరిచి, మిగిలిపోయిన మాత్రలు లెక్కపెట్టింది. కాపాడుకుంటున్నాననుకుంటూ ఇంతపని చేసింది పాపం.

బీపీ మాత్ర కొంచెం పట్టినట్టే ఉంది. కొన్ని సాయంత్రాలు వాడు నేరుగా ఇంటికే వచ్చాడు. అక్క సంబరపడలేదు. అలా సంబరపడి భంగపడటం ఆవిడకు కొత్త కాదు.

అనుకున్నంతా అయింది. ఒకనాటి సాయంత్రం గోడ పట్టుకుంటూ వచ్చాడు. "ఇవాళ మాత్ర లేదులే, తెలుసు," అంటూ మంచం ఎక్కబోయాడు.

అక్క డబ్బా మూత తీసింది. హెచ్‌ఐవీ మాత్ర, గ్లాసుడు నీళ్ళు అందించింది.

"తాగొచ్చానక్కా."

"కనబడుతూనే ఉందిగా."

"రేపిద్దువులే. రేపు తాగను."

"నువ్వు తాగని రోజు కోసం చూస్తూ కూర్చుంటే నువ్వే మిగలవురా. మింగు."

మింగాడు. పడుకున్న వెంటనే గురక పెట్టాడు. అక్క మంచం పక్కనే చొక్కా ముందేసుకుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టుకుట్టుకూ తలెత్తి వాడి ఊపిరి చూసుకుంది.