పాటలో మా అమ్మ వంతు

మొన్న టీవీలో ఒక పెద్దమనిషి, ఇప్పుడు సినిమాల్లో పేరుమోసిన ఒక గాయని తొలి క్యాసెట్ గురించి మాట్లాడుతూ నవ్వాడు. "అవేవో నాట్ల పాటలండీ. పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీలే. అరకొర పని." నాకు ఒళ్లు మండింది. ఆ క్యాసెట్ సంగతి నన్నడగాలి.

వాకాడులో మా ఇంట్లో అది రోజూ మోగేది. ఆ గాయని ఒక పంక్తి పాడి ఆగేది. పెరట్లో చేపలు తోముతూ మా అమ్మ అదే పంక్తిని తిరిగి అందుకునేది. అప్పుడు ఆమె తర్వాతి పంక్తి ఎత్తుకునేది. ఆరేళ్ల నేను, అమ్మ పలికేదాకా ఆమె టేప్‌రికార్డర్‌లో కాచుకుని ఉంటుందనుకునేదాన్ని.

ఒకరోజు అమ్మకు గొంతు పట్టేసింది. అయినా టేప్‌లో ఆ గాయని తన పాటికి తాను పాడుకుంటూ పోయింది. నాకు రోషమొచ్చి టేప్ కట్టేశాను.

"నువ్వు పలక్కముందే పాడేసిందమ్మా!" అని ఏడ్చాను.

అమ్మ బొంగురు గొంతుతో నవ్వింది. "పిచ్చిదానా, నాట్లేసేటప్పుడు ఒకరు పాడితే మిగతావాళ్లం అందుకోవాల. ఆ సందు మనదే. ఈపొద్దు నువ్వు అందుకో."

అందుకున్నాను.

ఆ తర్వాత ఆ గాయని ఎన్నో సినిమా పాటలు పాడింది. బాగానే ఉంటాయి, కాదనను. కానీ వాటిలో ఎక్కడా మా అమ్మకు చోటు లేదు.

ఖాళీలట! బురదలో ఒక్కనాడూ నడుం వంచనివాడికి అక్కడేం వినిపిస్తుంది?

టీవీ కట్టేసి, దాచుకున్న ఆ క్యాసెట్ పెట్టాను. ఆమె పాడి ఆగింది. వీధంతా వినపడేలా అందుకున్నాను.