నీలిదారం కట్టిన బాతులు

సిరాజుద్దీన్ భాయ్ ఎట్లాంటోడో మేడ్చల్ అంగడిల ఎవలనడిగినా చెప్తరు. నేను చెప్తే మాత్రం అండ్ల నా సిగ్గు గూడ వస్తది. దాన్ని దాసిపెట్టి ఆయన మంచితనం ఒక్కటే చెప్తే అది అబద్ధమైతది.

ముప్పై ఏండ్ల సంది ఆయనది ఒక్కటే పని. కోడిపిల్లలు, బాతులు గంపలల్ల పెట్టి, మోపెడ్‌కు కట్టుకొని రోజు అంగడికొస్తడు. ఎల్లిగడ్డలమ్మే అమ్మాజీ పక్కపొంటి కూసుంటడు. ఒర్లడు, ఎవ్వల్ని పిలువడు. అమ్మిన ప్రతి పిట్ట కాలికి నీలిదారం కడ్తడు. నెల లోపట అది సచ్చిపోతే, దారంతోని పట్కపోతే చాలు, ఏమైందని అడగకుంట ఇంకోటి ఇస్తడు. నెలదాక అది నా పిట్టనే అంటడు. ఆయన ఇజ్జత్ అంత ఆ దారం మీదనే ఉన్నది.

మా ఇల్లు షామీర్‌పేట చెరువు దిక్కు. సుట్టు అన్ని ఖాళీ ప్లాట్లే, పాములు తిరుగుతయి. హంసుంటే పాములు దగ్గరికి రావంటే ఓ ఫాంహౌజ్ వాచ్‌మన్ దగ్గర హంస పిల్లను తెచ్చుకున్న. హంసంటే గా నీళ్లు, పాలు వేరుచేసేది గాదు. పొడుగు మెడ ఉండే పెద్ద తెల్లబాతును మేం హంసంటం. దాన్ని ఒళ్లె పెట్టుకొని, నా అరచేతుల గింజలు తినిపించి సాదిన. రాజు అని పేరు వెట్టిన. పెరిగినంక గేటు కాడికి ఎవరొచ్చినా మెడ సాపి బుస్సుమనేది. ఓసారి మా ఆయన అంజయ్య పిక్క పట్టుకుంటే ఆయన లబలబలాడిండు, నేను కడుపుబ్బ నవ్విన. కాకి పిల్ల కాకికి ముద్దాయె!

తర్వాత గుడ్ల కోసమని సిరాజ్ భాయ్ దగ్గర ఆరు బాతులు కొన్న. ఇంట్ల ఇంకేమన్న పిట్టలున్నయా అని ఆయన ఆనాడే అడిగిండు. ఒక్క మగ హంస ఉన్నదన్న. అయితే నడుమ ఇనుప తీగల జాలి కట్టుమన్నడు. గింజలు వేరు, నీళ్లు వేరు పెట్టుమన్నడు. జత లేని మగ హంస ఈడుకొస్తే బాతుల మీద వడ్తదట, చేత్తోని సాదినదైతే అసలే భయముండదట. మా రాజు అట్లాంటోడు గాదని మూతి తిప్పుకుంట వచ్చిన.

పది రోజులకు ఒక బాతు నీళ్ల గోలెంల తేలింది. దారంతోని పట్కపోయిన, ఇంకోటిచ్చిండు. మళ్ల వారం ఇంకోటి వోయింది. అదీ ఇచ్చిండు. మూడోది పట్కపోయిననాడు దాని మెడ మీది ఈకలు పక్కకు జరిపి చూసి, "మెడ చూసినవా చెల్లె?" అన్నడు.

అంతే, నాకు మండింది. ఇయ్యకుంట తప్పించుకునేటందుకే అడుగుతున్నడనుకున్న. రోగం బాతులు అంటగట్టి నా ఇంట్ల తప్పులెంచుతున్నవా అని అంగడంత ఇనేటట్టు ఒర్లిన. కోడిపిల్లలు ఏరుకుంటున్న ఆడోళ్లు వాటిని గంపల వేసి పోయిండ్రు. ఆయన కొత్త బాతుకు దారం కట్టి చేతిల పెట్టిండు. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదే సాలమ్మా అని అమ్మాజీ అంటే, ఆమెను గూడ నాలుగు తిట్టి వచ్చిన.

నాలుగోనాడు పొద్దుగాల గిన్నెలు తోముతుంటే గోలెంల రెక్కలు కొట్టుకునుడు ఇనిపించింది. రాజు బాతు మీదికెక్కి, మెడ వెనుక కరిచిపట్టి, ఒళ్లు బరువంత మోపి నీళ్లల్ల ముంచుతున్నడు. ఉరికి గుంజిన. అప్పటికే బాతు పాణం వోయింది. మెడ మీద ఈకలు లేవు. ముందుగాల సచ్చిన మూడింటికి గూడ గట్లనే ఉండె. నేను చూసిన, పట్టించుకోలే.

అప్పుడన్న నిజం చెప్తే మనిషినైతుంటి. గంతగనం లొల్లి చేసినంక ఏం ముఖం పెట్టుకొని తప్పు నాదే అనాలె? ఆ బాతును పాత చీరగుడ్డల చుట్టి మళ్ల అంగడికి పట్కపోయిన. రోజు ఆ యాళ్లకు ఆయన గంపలు సగం ఖాళీ అయితుండె. ఆనాడు అన్ని నిండుగనే ఉన్నయి, ముంగట మనిషి లేడు.

ఈసారి ఆయన మెడ చూడలే. ఇంకో బాతును తీసి దారం కట్టిండు. నా చేతిలకిచ్చుకుంట, అమ్మాజీకి గూడ ఇనపడనంత మెల్లగ అన్నడు: "దీన్నన్న హంసకు దూరం వెట్టు చెల్లె. గుడ్లకొచ్చింది."

నాకు తలకాయ కొట్టేసినట్టయింది. ఆయనకు ముందు సందే ఎరుక. గట్టిగ ఒక్క మాటంటే ఆయన బేరం నిలబడుతుండె, నా పరువు వోతుండె. ఆయన అనలే. నేను ఆయన ఇజ్జత్ తీసినకాడ్నే ఆయన నా ఇజ్జత్ కాపాడిండు.

బస్టాండు దాక వోయిన గని బస్సెక్కబుద్ధి గాలే. మర్లొచ్చి, మొన్న ఒర్లినంత గట్టిగనే చెప్పిన. "నా బాతులను సంపింది నా హంసనే. భాయ్ మొదలే చెప్పిండు, నేనే ఇనలే. ఇయ్యాల గూడ తెలిసే తెచ్చిన." కొందరు నవ్విండ్రు. బాతును గంపల పెట్టబోతే సిరాజ్ భాయ్ నా చెయ్యి ఆపిండు. దాని కాలికున్న దారం ఇప్పి జేబుల వేసుకున్నడు.

"ఇగ ఇది నా పిట్ట గాదు, నీది" అన్నడు.

ఇప్పుడు మా ఇంటెనుక జాలి ఉన్నది. రాజుకు జతకు ఆడ హంసను తెచ్చినం. చేత్తోని తినిపించుడు బంద్ చేసిన. బాతులు ఆరిటికి ఆరు బతికున్నయి, గుడ్లు పెడుతున్నయి.

కానీ నోరుజారిన మాట జాలిల ఆగుతదా? మొన్న మేడ్చల్ పోయే బస్సుల పక్కన కూసున్నామె నా ఖాళీ గంప చూసి, సిరాజ్ దగ్గర మాత్రం కొనకు, రోగం బాతులట, షామీర్‌పేటామె ఎవరో అంగడిల కొట్లాడిందట అన్నది.

"గా ఆమె నేనే" అన్న.

ఆమె నన్ను కిందికెల్లి మీదిదాక చూసి కిటికీ దిక్కు తిరిగింది. నేను మేడ్చల్ వచ్చేదాక మొత్తం చెప్పిన.