లాండ్రీ వదిన రెండో రికార్డు

లాండ్రీ వదిన పాట అందుకుంటే ఊళ్లో మిషన్లన్నీ లేచి ఆవిడ వెనకాల ఊరేగింపుగా నడిచాయి. సరే, అన్నీ అంటే అన్నీ కాదు, ఒక్కటి. ఊరేగింపు కూడా ఆ మూల నుంచి ఈ గుమ్మం దాకానే. ఆ మాత్రం నడవడానికి మనుషులే బద్ధకిస్తారు, మిషను నడిచిందంటే చిన్న సంగతా?

ఆవిడ పనిచేసేది మొగుడి అన్నగారి లాండ్రీలో. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్లు మూటలు మూటలుగా వచ్చి పడతాయి. నానబెట్టే తొట్లు ఒక వరస, ఉతికే మిషన్లు ఒక వరస, మూలన పిండే మిషను, గుమ్మం పక్కన ఇస్త్రీ బల్లలు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు వదినకు తలనొప్పి వచ్చేది. రానురాను తలనొప్పి పోయి తాళం మిగిలింది. దుప్పట్లు మడతపెడుతూ ఆ తాళానికి పాటలు కట్టింది. మరిది గిటారు తెచ్చి జత కలిశాడు. మొగుడు మాత్రం చెవుల్లో దూది పెట్టుకుని ఏ పాటకైనా “బ్రహ్మాండం” అనేవాడు. సంసారం సుఖంగా సాగింది.

అలా తయారైంది ఆల్బమ్. గిటారుతో పాటు మిషన్లు గొంతు కలిపే ఇండస్ట్రియల్ రాక్. పాటలన్నీ కలిపి ఒక ఆసుపత్రి దుప్పటి కథ. రెండు రికార్డులు, నాలుగు వైపులు: నానడం, ఉతుకు, పిండడం, ఇస్త్రీ.

మైకులు పట్టుకుని లాండ్రీకే వచ్చిన రికార్డింగాయన మొదటి రెండు వైపులకూ తల నిలువుగా ఊపాడు. మూడోది మొదలవ్వకముందే అడ్డంగా ఊపాడు.

“ఒక్క రికార్డు చాలమ్మా. నానబెట్టారు, ఉతికారు. కథ అయిపోయిందిగా?”

“మీ చొక్కా సబ్బు నురగతోనే ఇచ్చేస్తే తొడుక్కుంటారా?” అంది వదిన.

“చొక్కా వేరు, సంగీతం వేరు.”

“దుప్పటి నోరు విప్పేది మూడో వైపులోనండీ. అప్పటిదాకా ఊరందరి నెత్తురూ కన్నీళ్లూ మోసి నోరు మూసుకుని పడుంది. అది తిరగబడకముందే ఆపేస్తే ఇక కథెందుకు? దండెం మీద ఆరేసుకోవడానికా?” అని పల్లవి ఎత్తుకుంది.

*పిండుకో, ఎంత పిండుతావో పిండుకో,*
*కారేది నీ మురికే, నాది కాదు!*

మాట నిప్పే గాని, వెనక పిండే మిషను మాత్రం ప్రార్థన మధ్యలో కునుకు తీసే కాన్వెంటు సిస్టరులా మెత్తగా గుర్రు పెడుతోంది. రికార్డింగాయన గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆవలించాడు.

“జోలపాటలా ఉందమ్మా. నన్ను ఈ కుర్చీలోంచి లేపే చప్పుడొకటి వినిపించండి. లేచానా, రెండు రికార్డులూ వేస్తాను. లేవలేదా, ఒకటే.”

లాండ్రీలో చేరినవాళ్లకు మొదటి పాఠం ఒకటే: పిండే మిషనులో తడిబట్టలు చుట్టూ సమానంగా సర్దాలి. బరువంతా ఒకే పక్క పడితే అది పిచ్చెక్కిన దున్నలా ఎగురుతుంది. వదిన నీళ్లోడే కంబళ్లు తెచ్చి ఒకే పక్క కుక్కడం మొదలెట్టింది.

“వదినా, అన్నీ అటే వేస్తున్నావ్!” అన్నాడు మరిది.

“కళ్లున్నాయిలే. నువ్వు గిటారు చూసుకో.”

బావగారు పరిగెత్తుకొచ్చారు. “అమ్మాయ్, మిషను పాడవుతుంది!”

“పాడాలనే బావగారూ!” అని స్విచ్చి నొక్కింది.

ధన్. ధడేల్. ధన్. ధడేల్. బోల్టులు ఊడి ఎగిరాయి. మిషను ఒక కాలెత్తి నేలను తన్నింది, మరో కాలెత్తి తన్నింది. వైరు ఈడ్చుకుంటూ మూల వదిలి బయల్దేరింది. మరిది గిటారు దాని అడుగుతో అడుగు కలిపింది. వదిన పల్లవి అరిచింది. ఇస్త్రీ పెట్టెలు బల్లల మీద చిందులేశాయి.

రికార్డింగాయనదీ మొండిఘటమే. కాళ్లు ఎత్తి ముడుచుకున్నాడు గాని లేవలేదు. మిషను ఇంకాస్త దగ్గరికొచ్చింది. ఆయన కుర్చీ మీదికెక్కి నిలబడ్డాడు.

“లేచారు!” అంది వదిన.

“లేవలేదు, ఎక్కాను! కుర్చీలోనే ఉన్నాను!”

“అలాగా? అయితే ఇంకో చరణం ఉంది.”

ధన్. ధడేల్. కుర్చీ కాలికి మిషను తగిలింది.

“ఆపవమ్మా!”

“లేచారా, ఎక్కారా?”

“లేచాను తల్లీ!”

“ఎన్ని రికార్డులు?”

“రెండు! కావాలంటే మూడు!”

“రెండు చాలు,” అని వదిన స్విచ్చి కట్టేసింది.

“లేచాను తల్లీ” సరిగ్గా తాళం మీద పడింది. మూడో వైపు ఆ కేకతోనే అచ్చయింది. ఎవరు తీసెయ్యమన్నా వదిన ఒప్పుకోలేదు.

నేను ఇదంతా రాసి చదివి వినిపిస్తే వదిన మడతపెడుతున్న దుప్పటి మీంచి తలెత్తలేదు.

“అన్నీ కోతలు. మిషను ఎక్కడైనా నడుస్తుందా? కంబళ్లన్నీ ఒకే పక్క కుక్కడానికి నాకేమన్నా మతిపోయిందా? ఆ కుర్చీ ఆయనెవరో నేనెరగను. అసలు నాకు పాటే రాదు.”