రాహేలమ్మ టీచర్ వెంట వానలో

తడిసిన తోలు చెప్పుల వాసన వస్తే నాకు రాహేలమ్మ టీచరే గుర్తొస్తుంది. ఈ ఉదయం వానలో తడిసొచ్చిన గిరాకీలు మా శాలిబండ బట్టల దుకాణం గడపలో చెప్పులు విడవగానే, బేరం మధ్యలో మాట మరిచిపోయాను. నేను బేరంలో మాట మరవడమంటే మా వీధిలో వార్తే.

టీచరమ్మ ఇల్లు మాకు దగ్గర్లోని జహనుమాలో. బడిలో డ్రిల్లు నేర్పేది. పంతొమ్మిదివందల డెబ్భైలలో, ఆదివారాలు మా వీధి ఆడవాళ్లను ఊరి బయట గుట్టల్లోకి నడకకు తీసుకుపోయేది. దుకాణాల ఇళ్లలో ఆడపిల్లను ఏ పనీ లేకుండా ఉత్తగా నడవడానికి పంపడమా? మా బాపు ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు: దీపాలు పెట్టేలోగా ఇంట్లో ఉండాలి, తప్పితే అదే ఆఖరు. మిగతా ఇళ్లలోనూ అదే మాట.

ఒక ఆదివారం గుట్ట ఎక్కాక వాన అందుకుంది. సగం ధరకు గుంజుకొచ్చానని నేను వారమంతా గొప్పలు చెప్పుకున్న చెప్పులు తిరుగుదారి బురదలో అడుగులు ఊడిపోయాయి. రాళ్ల మీద ఉత్త కాళ్లతో కుంటుతూ అందరికన్నా వెనకబడ్డాను.

"సగం పైసలకు సగం చెప్పే వస్తది," అంది పక్కింటి యాదమ్మక్క.

టీచరమ్మ ఆగింది. "నువ్వు ముందుకు రా. అందరు నీ ఎనక నడుస్తరు."

"వద్దు టీచరమ్మా. నన్ను ఈ బండ కింద కూసోబెట్టి మీరు పోండ్రి. వాన తగ్గినంక మెల్లగ వస్త."

"నాతోని బేరం చెయ్యకు. నడువు."

"ఈమె నడకకు దార్లున్న వాగు పొంగుతది, పొద్దుగూకుతది," యాదమ్మక్క గొణిగింది. "మల్లెవరు పంపుతరు మమ్మల్ని?"

"ఎనకున్నోళ్లను ఎవరు చూడరు యాదమ్మా. ముందుంటే అందరి కండ్లు ఆమె మీదనే ఉంటయి."

వెనక అంతమంది నా కోసం అడుగు తగ్గించుకోవడం వింటూ నడిచాను. అంత సిగ్గు మళ్లీ ఎరగను. యాదమ్మక్క అన్నట్టే వాగు పొంగింది. టీచరమ్మ దాటనివ్వలేదు. ఒకరి కొంగు ఒకరం పట్టుకుని, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే నిలబడ్డాం.

ఫలక్‌నుమాలో బస్సు దిగేసరికి చీకటి. గొడుగులతో తండ్రులు, మొగుళ్లు.

"ఎవరి వల్ల గింత ఆలస్యమైంది?" బాపు అడిగాడు.

నేను తల దించుకున్నాను. టీచరమ్మ ముందుకొచ్చింది. "అందరం కల్సి పోయినం, అందరం కల్సి వచ్చినం అన్నా. లెక్క చూస్కో, ఒక్కరు తక్కువ లేరు."

దుకాణదారు కదా, బాపు నిజంగానే లెక్కపెట్టాడు. తర్వాత నా కాళ్లు చూశాడు. గొడుగు నా మీదికి జరిపాడు.

"వచ్చే ఆదివారం మంచి చెప్పులేస్కొని పో," అన్నాడు.

టీచరమ్మ పోయి ఏళ్లయింది. బోనాలకు ఇంటిల్లిపాదీ నడిచి వెళ్లేటప్పుడు, అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లెవరో చూసి ముందుకు నెడతాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. మొన్న నాకే మోకాలు పట్టేస్తే మనవరాలు చెయ్యి పట్టి ముందుకు లాగింది. "మీరు పోండ్రి, నేను వస్త" అనబోయి నోరు మూసుకున్నాను. వాళ్లందరి ముందు, నా అడుగులతోనే నడిచాను.