పువ్వు వచ్చు, అతుకు రాదు

మా చర్చిలో నన్ను లేసు టీచరమ్మ అంటారు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో మా తెలుగు సంఘానికి సొంత భవనం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు అమెరికన్ల చర్చి హాలు అద్దెకు తీసుకుంటాం. ఒక ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు ఊరికే కూర్చోలేక, సంచిలోంచి కొక్కెం సూదీ దారమూ తీసి ఒక లేసు పువ్వు అల్లాను. పాస్టరమ్మగారు చూశారు.

"అమ్మా, ఈస్టర్‌కి మన ప్రభు బల్ల మీదకి లేసు గుడ్డ ఒకటి చేసిపెట్టరాదూ? మనవాళ్ళకి నేర్పినట్టూ ఉంటుంది."

నేను సంబరంగా తల ఊపేశాను. కార్లో ఇంటికి వెళ్తుంటే గుర్తొచ్చింది, నాకు గుడ్డ చేయడం రాదని.

నేను పుట్టింది గోదావరి పక్క లేసు ఊళ్ళోనే. ఏడో ఏటినుంచీ అల్లుతున్నాను. కానీ మా వీధంతా పువ్వులే అల్లేది. శనివారం ఒకామె వచ్చి వాటిని మూట కట్టుకుని పోయేది. ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేసే అతుకుపని వేరే ఊరి ఆడవాళ్ళది. నా పువ్వులు ఎవరి బల్లల మీద పరుచుకున్నాయో నేను చూడలేదు. వేల పువ్వులు అల్లిన ఈ చేతుల్లో చేతిరుమాలంత గుడ్డ కూడా పూర్తి కాలేదు.

ఈస్టర్ ఇంకా మూడు నెలలుంది కదా, ఈలోగా ఎలాగో తెలిసిపోతుందిలే అనుకున్నాను. నేర్చుకోవడానికి నలుగురు వచ్చారు.

నేర్పడం కూడా నాకు కొత్తే. మా అమ్మ నాకు నేర్పినప్పుడు ఒక్క మాట చెప్పలేదు. తప్పు అల్లితే సూదితో వేలి మీద పొడిచేది, అంతే. ఇక్కడ అలా కుదరదు. "ఎన్ని గొలుసు కుట్లు ఆంటీ?" అని అడిగారు. నాకు తెలియదు, నా వేళ్ళకి తెలుసు. ఇంటికెళ్ళి, ఒక పువ్వుని నెమ్మదిగా అల్లుతూ, లెక్కపెట్టుకుంటూ, కాగితం మీద రాశాను. నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక, ఈ దేశంలోనే వచ్చాయి. మనవరాలిని తెలుగు క్లాసుకి తీసుకెళ్ళి, బయట చలికి నిలబడలేక, దాని పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని నేనూ దిద్దాను. ఆ రాతతోనే ఇప్పుడు "ఆరు గొలుసులు వేసి, రెండు కొసలూ కలపాలి" అని మొదలుపెట్టి పువ్వు మొత్తం రాశాను. నలుగురూ ఆ కాగితాన్ని ఫోన్లలో ఫొటో తీసుకుంటుంటే, నా రాత వంకరగా ఉందన్న సంగతే మర్చిపోయాను.

రెండో కాగితం తీసి పైన 'అతుకుపని' అని రాశాను. కింద రాయడానికి ఏమీ లేదు.

రెండు నెలలకి ప్లాస్టిక్ డబ్బాలు రెండు నిండాయి. ఎం.ఎస్. చదువుకుంటున్న వరంగల్ అమ్మాయి ఊరుకోలేదు.

"ఆంటీ, గిన్ని పూలైనయ్. గుడ్డ ఎప్పుడైతది? ఈ ఈస్టర్‌కా, వచ్చే ఈస్టర్‌కా?"

"ముందు చెయ్యి కుదరనీ తల్లీ."

"చెయ్యి కుదిరింది. డబ్బాలే సరిపోతలేవు."

ఇంట్లో దొంగచాటుగా ప్రయత్నించాను. మనవరాలు ఫోన్‌లో వీడియోలు వెతికిపెట్టింది. అందులో ఒకామె నలుచదరపు ముక్కలు కలుపుతోంది. మావి గుండ్రటివి, ఎనిమిది రేకులవి. సరే, నాకు తోచినట్టు తొమ్మిది పువ్వులు కలిపాను. బల్ల మీద పెడితే గిన్నెలా లేచి కూర్చుంది.

"అమ్మమ్మా, బేబీ హ్యాటా? సో క్యూట్!"

అంతా విప్పేశాను.

ఈస్టర్ మూడు వారాల్లోకి వచ్చింది. ఆ ఆదివారం క్లాసులో డబ్బాల మూతలు తీసి, నలుగురి ముందూ చెప్పేశాను. "నాకు పువ్వే వచ్చమ్మా. అతుకు రాదు. ముందే చెప్పాల్సింది, సిగ్గేసింది."

ఆ నలుగురిలో అందరికంటే వంకర పువ్వులల్లే ఒకామె ఉంది. ఏదో కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది, క్లాసులో నోరు విప్పదు. ఆమె సూది కింద పెట్టింది.

"మా అమ్మది అతుకుపనేనండీ, పిన్నిగారూ. చిన్నప్పుడు నేనూ పక్కన కూర్చుని చేసేదాన్ని."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మీరు టీచరు కదండీ. మీరు మొదలుపెట్టకుండా నేనెలా చెప్తాను? పైగా మా ఇంటికి పువ్వులు మూటల్లోనే వచ్చేవి. అసలు పువ్వెలా పుడుతుందో చూద్దామని చేరాను."

వరంగల్ అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "ఇద్దరికిద్దరు భలే దాచిర్రు!"

ఆ రోజునుంచి కుర్చీలు మారాయి. నేను టోపీ సంగతి చెబితే ఆమె నవ్వి, "అతుకు దారం బిగించేసి ఉంటారు. పువ్వుకి బిగువుండాలి గానీ అతుక్కి ఊపిరాడాలండీ" అంది. బిగించడం తప్ప ఎరగని చేయి నాది. ఆమె పక్కన కూర్చుని, నేను దారం లాగినప్పుడల్లా "వదలండి, పిన్నిగారూ, వదలండి" అనేది. ఒక వరుస మూడుసార్లు విప్పించింది. మా అమ్మే నయం, ఒక్కసారి పొడిచి ఊరుకునేది. నాలుగో సారికి నా వరుస బల్ల మీద పలచగా, చదునుగా పరుచుకుంది. ఆ సంతోషం నాకు ఏడో ఏట మొదటి పువ్వు అల్లినప్పుడు కూడా కలగలేదు.

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం ఆఖరి అతుకు వేశాం. మర్నాడు రొట్టె పళ్ళెమూ ద్రాక్షరసం గిన్నెలూ దాని మీద పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, గుడ్డనే చూస్తున్నాను. మూడో వరుసలో ఒక పువ్వు తిరగబడి ఉంది. వెనకవైపు పైకి చూస్తోంది.

పక్కనే కూర్చున్న అతుకుపని ఆమెని మోచేత్తో పొడిచాను. ఆమె కళ్ళు తెరవకుండానే గొణిగింది.

"నిన్ననే చూశానండీ. అది మీరు అతికిందే. ప్రార్థన చేసుకోండి."